ఆపరేషన్ తర్వాత అయిదో ఏడు

బరువు తగ్గే ఆపరేషన్ గురించి మనలో చాలామందికి ఉన్న అభిప్రాయాన్ని ఒక ఎలుకల ప్రయోగం తలకిందులు చేస్తుంది. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో జరిగిన ఆ ప్రయోగం ఫలితాలు 2010లో వెలువడ్డాయి. కొవ్వు మేత పెట్టి బాగా లావెక్కించిన ఎలుకలకు జీర్ణాశయంలో ఎక్కువ భాగం కోసి తీసేశారు. మనుషులకు చేసే స్లీవ్ ఆపరేషన్ లాంటిదే. అనుకున్నట్టే అవి చిక్కి, కొన్నాళ్లకు ఒక బరువు దగ్గర నిలకడగా ఆగాయి. అప్పుడు వాటిలో కొన్నిటికి మేత కోత పెట్టి ఇంకా చిక్కేలా చేశారు. ఆ తర్వాత మళ్లీ తిన్నంత మేత ముందు పెట్టారు. ఆ చిక్కిన ఎలుకలు మిగతావాటికన్నా ఎక్కువ తినడం మొదలుపెట్టాయి. ఆపరేషన్ తర్వాత మొదట ఎక్కడ ఆగాయో మళ్లీ ఆ బరువుకు చేరుకున్నాక తిండి తగ్గించాయి.

పొట్టలో చోటు లేకనే ఇవి తక్కువ తింటున్నాయని అనుకుంటే ఈ ఫలితం అంతుపట్టదు. చోటే లేకపోతే అవసరమొచ్చినప్పుడు ఎక్కువ ఎలా తిన్నాయి? తినగలిగే శక్తి వాటికి ఉంది, ఆపరేషన్‌కు ముందున్న బరువుకు తిరిగి వెళ్లాలన్న తపన మాత్రం పోయింది. తన బరువు ఎంత ఉండాలో శరీరం లోపల ఒక లెక్క వేసుకుని ఉంటుంది. కత్తి పడింది పొట్టమీదే అయినా మారింది ఆ లెక్క.

పొట్ట చిన్నదైతే తిండి తగ్గుతుంది, తిండి తగ్గితే మనిషి తగ్గుతాడు, ఇందులో అర్థం కానిదేముంది అనే ధోరణి మనలో ఉంది. ఈ ధోరణివల్ల రెండు అపోహలు స్థిరపడ్డాయి. నోరు కట్టుకోలేని బద్ధకస్తులే ఇలా అడ్డదారి పడతారన్నది మొదటిది. ఒకసారి చేయించుకుంటే ఇక పని అయిపోయినట్టే అన్నది రెండోది. మొదటి అపోహ మనుషుల్ని అవమానిస్తుంది. రెండోది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల ఆరోగ్యాన్నే దెబ్బతీస్తుంది.

శరీరం పట్టు విడవదు

కడుపు మాడ్చుకుని పదిహేను కిలోలు తగ్గి, రెండేళ్లు తిరిగేసరికి అంతా మళ్లీ ఒంటికి పట్టినవాళ్లు ప్రతి ఇంట్లోనూ కనిపిస్తారు. చుట్టాలు దాన్ని మనసు గట్టిగా లేకపోవడం అంటారు. శాస్త్రజ్ఞులకు కనిపించింది వేరు.

1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోన్‌ను కనిపెట్టింది. దీన్ని తయారుచేసేది మన కొవ్వు కణాలే. ఒంట్లో ఎంత కొవ్వు నిల్వ ఉందో మెదడుకు ఎప్పటికప్పుడు తెలియజేయడం దాని పని. కొవ్వు కరిగితే లెప్టిన్ తగ్గుతుంది, మెదడు దాన్ని కరువుగా అర్థం చేసుకుని ఆకలి పెంచుతుంది. అయిదేళ్ల తర్వాత 1999లో జపాన్ శాస్త్రజ్ఞులు కొజిమా, కంగావా మరో హార్మోన్ గ్రెలిన్‌ను గుర్తించారు. ఇది ప్రధానంగా జీర్ణాశయం పైభాగంలోనే పుడుతుంది. భోజనానికి ముందు పెరిగి ఆకలి పుట్టిస్తుంది, తిన్నాక తగ్గుతుంది. డైటింగ్‌తో బరువు తగ్గినవాళ్లలో రోజు పొడుగునా గ్రెలిన్ మునుపటికన్నా ఎక్కువగా ఉంటుందని 2002లో తేలింది.

ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ పరిశోధకులు ఇంకా ముందుకు వెళ్లారు. యాభైమందికి పది వారాలపాటు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చారు. సగటున పదమూడున్నర కిలోలు తగ్గారు. ఏడాది గడిచాక మళ్లీ రక్తం తీసి చూస్తే, ఆకలి పెంచే హార్మోన్లు ఇంకా ఎక్కువగానే, తృప్తినిచ్చేవి ఇంకా తక్కువగానే ఉన్నాయి. అప్పటికే కొంత బరువు తిరిగి వచ్చినా వాళ్లకు ఆకలి తగ్గలేదు. 2011లో వచ్చిన ఈ ఫలితాలు చదివాక లావుగా ఉన్న మనిషిని పట్టుదల లేనివాడని అనడానికి నాకు నోరు రాదు.

అమెరికాలో పోటీపడి బరువు తగ్గే టీవీ కార్యక్రమం ఒకటి ఉండేది. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించింది. వాళ్లు సగటున 58 కిలోలు తగ్గి, 41 కిలోలు మళ్లీ పెరిగారు. అంతకన్నా కలవరపెట్టే విషయం ఇంకొకటి ఉంది. ఆ బరువున్న మనిషి శరీరం ఏ పనీ చేయకుండా కూర్చున్నా ఖర్చుచేయాల్సిన శక్తికన్నా వాళ్ల శరీరాలు రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువ ఖర్చుపెడుతున్నాయి. అంటే ఆకలి ఎక్కువ, ఖర్చు తక్కువ. రెండు వైపులనుంచీ ఒత్తిడి చేసి శరీరం పాత బరువుకు లాగుతోంది. ఆహార నియమం, నడక, వ్యాయామం అనవసరమని దీని అర్థం కాదు. కొద్దిగా బరువు పెరిగినవాళ్లకు అవే మొదటి మందు. నలభై, యాభై కిలోలు అదనంగా మోస్తున్నవాళ్లలో మాత్రం వాటితో మాత్రమే తగ్గి, తగ్గిన బరువును ఏళ్ల తరబడి నిలుపుకోగలిగేవాళ్లు చాలా తక్కువ.

అల్సర్ ఆపరేషన్లు నేర్పిన పాఠం

ఈ శస్త్రచికిత్సకు అసలు మూలం అల్సర్. అల్సర్‌కు మంచి మందులు లేని రోజుల్లో జీర్ణాశయంలో కొంత భాగం కోసి తీసేసేవారు. అమెరికాలోని ఆయోవా విశ్వవిద్యాలయ సర్జన్ ఎడ్వర్డ్ మేసన్ ఆ రోగుల్ని గమనిస్తూ, వాళ్లు బరువు తగ్గడమే కాక ఎంత ప్రయత్నించినా మళ్లీ ఒళ్లు చేయలేకపోవడం చూశారు. ఆ ఇబ్బందినే స్థూలకాయులకు మందుగా మార్చవచ్చని ఆయనకు తోచింది. 1966లో చికాషి ఇటోతో కలిసి గ్యాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టారు. అంతకుముందు 1950లలో మినెసోటాలో చిన్నపేగులో చాలా భాగాన్ని దాటవేసే ఆపరేషన్ ఒకటి వచ్చింది. దానివల్ల బరువు తగ్గినా విపరీతమైన విరేచనాలు, మూత్రపిండాల్లో రాళ్లు, కాలేయం చెడిపోవడం లాంటి ఉపద్రవాలు వచ్చాయి. చివరికి దాన్ని మానేశారు. ఇప్పటికీ ఈ రంగంమీద ఉన్న భయంలో కొంత ఆ పాత ఆపరేషన్ మిగిల్చిందే.

1994లో అమెరికాలో విట్‌గ్రోవ్, క్లార్క్ అనే సర్జన్లు లాపరోస్కోపీ ద్వారా, అంటే పొట్టమీద చిన్న చిన్న రంధ్రాలతోనే బైపాస్ చేసి చూపించాక పరిస్థితి మారింది. పెద్ద కోత పోయింది, రోగి రెండు మూడు రోజుల్లో ఇంటికి వెళ్లడం మామూలైంది.

ఇప్పుడు ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా చేస్తున్నది స్లీవ్. ఇది మొదట సొంతంగా ఒక ఆపరేషన్ కాదు. మరీ భారీకాయులకు పెద్ద ఆపరేషన్ ఒకేసారి చేయడం ప్రమాదమని, దాన్ని రెండు విడతలు చేసి, తొలి విడతగా జీర్ణాశయాన్ని సన్నబరిచేవారు. తొలి విడతతోనే చాలామంది బాగా తగ్గిపోవడంతో రెండోది అవసరం లేకపోయింది.

ఆపరేషన్ థియేటర్లో జరిగేది ఇది. పొట్టమీద నాలుగైదు చిన్న రంధ్రాలు పెట్టి, లోపల పని చేయడానికి చోటు కోసం కార్బన్ డయాక్సైడ్ వాయువు నింపుతారు. జీర్ణాశయం ఎడమ అంచుకు అతుక్కుని ఉన్న కొవ్వు పొరను, రక్తనాళాలను మూసుకుంటూ విడదీస్తారు. మత్తు డాక్టర్ నోట్లోంచి ఒక మెత్తటి గొట్టాన్ని జీర్ణాశయంలోకి దించుతారు. ఎంత వెడల్పు మిగల్చాలో దానికి అదే కొలత. ఆ గొట్టం పక్కనుంచి స్టేప్లర్ పెట్టి నొక్కితే సుమారు ఆరు సెంటీమీటర్ల పొడవున రెండువైపులా టైటానియం పిన్నులు మూడేసి వరుసలు పడతాయి, మధ్యలో బ్లేడు తెగ్గొట్టుకుంటూ పోతుంది. ఇలా అయిదారుసార్లు. చివరికి అరటిపండు ఆకారంలో సన్నని గొట్టం మిగులుతుంది. జీర్ణాశయంలో ముప్పాతిక వంతుకు పైగా ఒక రంధ్రంలోంచి బయటికి వచ్చేస్తుంది, దాంతోపాటు గ్రెలిన్ పుట్టే పైభాగం కూడా. మళ్లీ అతికించేందుకు ఏమీ ఉండదు, ఇది తిరుగులేని మార్పు.

బైపాస్‌లో దేన్నీ బయటికి తీయరు. జీర్ణాశయం పైకొసన సుమారు 30 మిల్లీలీటర్ల చిన్న సంచి మిగిల్చి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. అన్నం మిగతా జీర్ణాశయాన్నీ పేగు మొదటి భాగాన్నీ చూడకుండా కిందికి పోతుంది. పైత్యరసం, క్లోమరసం వేరే దారిన వచ్చి మీటరు, మీటరున్నర కింద కలుస్తాయి. పేగును ఇలా రెండు పాయలుగా కలిపే పద్ధతికి స్విట్జర్లాండ్ సర్జన్ సెసార్ రూ పేరు ఉంది. ఒకే అతుకుతో సరిపెట్టే మినీ బైపాస్‌ను 1997లో రాబర్ట్ రట్లెడ్జ్ ప్రారంభించారు. మన దేశంలో దానికి మంచి ఆదరణ ఉంది.

లైపోసక్షన్‌కూ దీనికీ ఏ సంబంధమూ లేదు. అది చర్మం కింది కొవ్వును పీల్చేసి ఆకారం సరిచేసే సౌందర్య చికిత్స. దానివల్ల షుగర్ తగ్గదు, ఆకలి మారదు. ఈ రెండిటినీ కలిపేసి భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి చెప్పాల్సి వచ్చింది.

షుగర్ ముందే దిగింది

నార్త్ కరోలినాలోని గ్రీన్‌విల్‌లో వాల్టర్ పోరీస్ అనే సర్జన్ 14 ఏళ్లపాటు బైపాస్ చేసిన 608 మంది వివరాలతో 1995లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. పెద్దవాళ్లకు వచ్చే మధుమేహానికి ఒక ఆపరేషన్ ఇంత గొప్ప చికిత్స అవుతుందని ఎవరనుకున్నారు అన్న ఆశ్చర్యం ఆ పత్రం శీర్షికలోనే ఉంది. ఇన్సులిన్ మీదున్న రోగులకు ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే, బరువు ఇంకా చెప్పుకోదగ్గంత తగ్గకముందే, షుగర్ దిగిపోవడం ఆయన చూశారు.

ఆ రోజుల్లో దాదాపు ఏమీ తినకపోవడం దీనికి ఒక కారణం. మిగతా కారణం పేగులో ఉంది. చిన్నపేగు చివరి భాగంలో జీఎల్‌పీ-1 అనే హార్మోన్ తయారవుతుంది. మామూలుగా ఆహారం అక్కడికి నెమ్మదిగా, చాలావరకు జీర్ణమయ్యాక చేరుతుంది. ఆపరేషన్ తర్వాత త్వరగా, దండిగా చేరుతుంది. దాంతో భోజనం తర్వాత జీఎల్‌పీ-1 మునుపటికన్నా ఎన్నో రెట్లు పెరుగుతుంది. అది క్లోమానికి ఇన్సులిన్ విడుదల చేయమని చెబుతుంది, మెదడుకు ఇక చాలు అని చెబుతుంది. లండన్‌లో కారెల్ లె రూ బృందం బైపాస్ అయినవాళ్లకు ఈ పేగు హార్మోన్లను అణిచే మందు ఇచ్చి చూసింది. పొట్ట అంతే చిన్నదిగా ఉన్నా వాళ్ల ఆకలి పెరిగింది, తినే మోతాదూ పెరిగింది. సిన్సినాటి ఎలుకలు చెప్పిన మాటకు ఇది మనుషుల్లో దొరికిన సాక్ష్యం. పైత్యరసంలోని ఆమ్లాలు, పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు కూడా ఇందులో పాత్ర వహిస్తున్నాయని తర్వాతి పరిశోధనలు చూపుతున్నాయి.

పదేళ్ల లెక్క

ఈ చికిత్సను తూచాల్సింది మొదటి ఏడాది ఫొటోలతో కాదు. ఆ పని ఓపిగ్గా చేసినవాళ్లు స్వీడన్ పరిశోధకులు. లార్స్ ష్యోస్ట్రోమ్ నాయకత్వంలో 1987లో మొదలైన అధ్యయనంలో ఆపరేషన్ చేయించుకున్న 2010 మందినీ, అలాంటి శరీరస్థితే ఉండి చేయించుకోని 2037 మందినీ దశాబ్దాలపాటు గమనించారు. బైపాస్ అయినవాళ్లు మొదటి ఒకటి రెండేళ్లలో తమ బరువులో 32 శాతం తగ్గారు. పదేళ్లకు చూస్తే ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. ఆపరేషన్ లేనివాళ్ల బరువు అన్నేళ్లలో రెండు శాతం అటూ ఇటూగా ఉన్నచోటే ఉంది. మధుమేహం విషయంలో తొలి ఆనందం అంతగా నిలవలేదు. ఆపరేషన్ అయినవాళ్లలో రెండేళ్లకు 72 శాతం మందికి షుగర్ అదుపులోకి వచ్చి జబ్బు లేని స్థితికి చేరితే, పదేళ్లకు 36 శాతం మందే ఆ స్థితిలో ఉన్నారు. మధుమేహం వచ్చి ఎక్కువ కాలం కానివాళ్లకు, ఇన్సులిన్ దాకా వెళ్లనివాళ్లకు ఈ మేలు ఎక్కువ. 2020లో ప్రకటించిన లెక్క ప్రకారం ఆపరేషన్ అయినవాళ్ల ఆయుర్దాయం కానివాళ్లకన్నా సుమారు మూడేళ్లు ఎక్కువ. అయినా సాధారణ జనాభాతో పోలిస్తే ఇంకా అయిదున్నరేళ్లు తక్కువ. ఆపరేషన్ మేలు చేస్తుంది కానీ పూర్వారోగ్యాన్ని మొత్తంగా తెచ్చివ్వదని ఈ రెండు అంకెలూ కలిసి చెబుతున్నాయి.

ప్రకటనల్లో కనిపించే శాతాల గురించి ఒక హెచ్చరిక. 70 శాతం తగ్గుతారని రాస్తే అది మొత్తం బరువులో కాదు, అదనపు బరువులో. అయిదడుగుల అయిదంగుళాల ఎత్తు, 120 కిలోల బరువున్న మనిషిని తీసుకోండి. ఆ ఎత్తుకు సుమారు 68 కిలోలు సరైన బరువని లెక్కగడతారు. అంటే అదనం 52 కిలోలు. ఫిన్‌లాండ్‌లో 240 మందిమీద జరిగిన పరిశోధనలో పదేళ్ల తర్వాత అదనపు బరువులో తగ్గింది స్లీవ్‌తో 43.5 శాతం, బైపాస్‌తో 50.7 శాతం. మన మనిషికి దాన్ని వర్తింపజేస్తే పదేళ్ల తర్వాత ఆయన 94 నుంచి 97 కిలోల మధ్య ఉంటాడు. మోకాళ్లకు, గుండెకు, నిద్రలో ఊపిరి ఆగే సమస్యకు అది గొప్ప ఉపశమనం. అయితే 68 కిలోల కలతో ఆపరేషన్ బల్ల ఎక్కినవాడికి అదే ఓటమిలా కనిపిస్తుంది. ముందే ఎవరైనా ఈ లెక్క వేసి చెబితే ఆ దుఃఖం ఉండదు.

అదే ఫిన్‌లాండ్ పరిశోధనలో ఇంకో సంగతి బయటపడింది. స్లీవ్ అయినవాళ్లలో 31 శాతం మందికి అన్నవాహిక ఒరిసిపోయి కనిపిస్తే, బైపాస్ అయినవాళ్లలో అది 7 శాతమే. ఆపరేషన్‌కు ముందే ఛాతీలో మంట, పులితేన్పులు బాగా ఉన్నవాళ్లు స్లీవ్ ఎంచుకునేముందు ఈ విషయం సర్జన్‌తో తప్పకుండా మాట్లాడాలి.

ఆపరేషన్‌తో ప్రాణాపాయం ఎంత? అమెరికాలో 4,776 మందిమీద జరిగిన అధ్యయనంలో నెలరోజుల్లోపు మరణాలు వెయ్యికి మూడు. కుట్ల దగ్గర లీకేజి, రక్తస్రావం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం లాంటివి కొద్దిమందిలో వస్తాయి. అనుభవం ఉన్న బృందం చేతిలో ఇది పిత్తాశయం తీసే ఆపరేషన్ కన్నా మరీ భయంకరమేమీ కాదని నా అభిప్రాయం. భయపడాల్సిందల్లా తర్వాతి నిర్లక్ష్యానికే.

విస్తరి ముందు కూర్చున్నాక

మొదటి రెండు వారాలు ద్రవాలే. పలచటి మజ్జిగ, పప్పుకట్టు, కొబ్బరినీళ్లు, వడకట్టిన సూపు ఒక్కో గుక్క చొప్పున. తర్వాత మెత్తగా చిదిమినవి. సుమారు నెల దాటాకే మామూలు తిండి వైపు. అప్పుడు కూడా ఒక ఇడ్లీ తినడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. మనకు ముద్దకూ ముద్దకూ మధ్య నీళ్లు తాగడం అలవాటు. అది పూర్తిగా మానాలి. తిన్నాక అరగంట ఆగి తాగాలి. లేకపోతే వాంతి, లేదా తిన్నది జారిపోయి మళ్లీ ఆకలి.

మన భోజనం వరసే ఇక్కడ పెద్ద చిక్కు. కంచంలో ముందు అన్నం కుప్ప పడుతుంది, దాన్ని నంజుకోవడానికే కూరా పప్పూ. ఆపరేషన్ అయిన మనిషి ముందు గుడ్డో చేపో పనీరో చిక్కటి పప్పో తిని, తర్వాత కూరగాయలు తిని, చోటు మిగిలితే రెండు ముద్దల అన్నం తినాలి. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, ఒక కప్పు ఉడికిన పప్పులో ఏడెనిమిది, కప్పు పెరుగులో ఆరేడు. ఆ చిన్న పొట్టతో శాకాహారి ఈ లెక్క పూర్తి చేయడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది. అందుకే డాక్టర్లు ప్రొటీన్ పొడి కూడా రాస్తారు. ఆ లోటు పడితే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. మూడో నెల నుంచి జుట్టు ఊడడం మొదలవుతుంది. చాలామందికి అది కొన్ని నెలల్లో మళ్లీ వస్తుంది.

పెళ్లిపందిట్లో పక్కన కూర్చున్న పెద్దమ్మ ఇంకొక బొబ్బట్టు వెయ్యమంటుంది. బైపాస్ అయినవాళ్లకు తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే చెమటలు, గుండెదడ, కళ్లు తిరగడం, ఆ వెంటనే విరేచనం పట్టుకోవచ్చు. కాదంటే అలుగుతుందని తినేవాళ్లున్నారు. కుటుంబం అర్థం చేసుకుని వడ్డన ఆపడం కూడా ఈ చికిత్సలో భాగమే.

విటమిన్ల విషయం ఇంకా తీవ్రమైనది. బైపాస్‌లో ఐరన్, కాల్షియం ఎక్కువగా గ్రహించే పేగు భాగం దాటిపోతుంది. బి12 ఒంటపట్టడానికి జీర్ణాశయంలో పుట్టే ఆమ్లమూ ఒక ప్రత్యేక ప్రొటీనూ కావాలి, రెండు ఆపరేషన్లలోనూ వాటికి గండి పడుతుంది. కాలేయంలో బి12 ఏళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి లోటు వెంటనే బయటపడదు. రెండు మూడేళ్లు గడిచాక, అంతా బాగుంది కదా అని మాత్రలు మానేసి ఆసుపత్రివైపు వెళ్లడం ఆపేశాక, కాళ్లు తిమ్మిర్లెక్కడం, నీరసం, మతిమరుపుతో అది తలెత్తుతుంది. ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా పూడదు. నెలసరి వచ్చే ఆడవాళ్లలో ఐరన్ లోపం, అందరిలోనూ విటమిన్ డి, కాల్షియం లోపంతో ఎముకలు పలచబడడం చూస్తుంటాం. ఈ మాత్రలు బతికున్నంతకాలం వేసుకోవాల్సినవే.

ఊళ్లలో ఉండేవాళ్లు రెండు విషయాలు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఆపరేషన్ అయిన కొత్తలో రోజుల తరబడి వాంతులవుతుంటే ఒంట్లో థయమిన్ అనే బి1 విటమిన్ అడుగంటుతుంది. చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మాట తికమకపడడం దాని ప్రమాద సూచనలు. అలాంటి మనిషికి నీరసంగా ఉందని ముందుగా గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే మెదడుకు శాశ్వత నష్టం జరగవచ్చు. ముందు థయమిన్ ఇవ్వాలి. అక్కడున్న డాక్టర్‌కు ఆపరేషన్ సంగతి మొదటి మాటగా చెప్పండి. రెండోది, బైపాస్ అయినవాళ్లు ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కొని మింగకూడదు. అతుకు దగ్గర పుండు పడుతుంది. పొగ తాగడం కూడా అదే హాని చేస్తుంది. మద్యం వేగంగా రక్తంలో కలుస్తుంది, అంతకుముందు అలవాటు లేనివాళ్లు కూడా కొందరు దానికి బానిసలవుతున్నట్టు అమెరికా అధ్యయనాలు గుర్తించాయి.

పీసీఓడీతో నెలసరి తప్పిన అమ్మాయిలకు బరువు తగ్గగానే గర్భధారణ శక్తి తిరిగి రావచ్చు. అది సంతోషమే. అయితే బరువు వేగంగా తగ్గుతున్న కాలంలో గర్భం బిడ్డకు మంచిది కాదు కాబట్టి ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగమంటారు.

ఎవరికి అవసరం

బరువును ఎత్తుతో కొలిచే బీఎంఐ పాశ్చాత్యుల శరీరాల ఆధారంగా పుట్టింది. మన ఒంటికి దాన్ని ఉన్నదున్నట్టు వాడితే తప్పుడు భరోసా వస్తుంది. పుణె కేఈఎం ఆసుపత్రి పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ ఇద్దరూ కలిసి దిగిన ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. అందుకే భారతీయులకు 25 దాటగానే స్థూలకాయంగా లెక్కిస్తారు. మనవాళ్లకు 2009లో రూపొందించిన మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 37.5 దాటినా, షుగర్, బీపీ, నిద్రలో ఊపిరాగడం వంటి జబ్బులతో 32.5 దాటినా ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఆసియావాసులకు ఆ హద్దును 27.5 దాకా దించాయి.

ఇన్సూరెన్సు నిబంధన మాత్రం ఇంకా 40 దగ్గరే ఉంది, తీవ్రమైన జబ్బులుంటే 35. అయిదడుగుల మూడంగుళాలుండి, 85 కిలోల బరువుతో, ఎన్ని మందులు వాడినా షుగర్ అదుపు కాని మహిళకు బీఎంఐ సుమారు 33. వైద్యశాస్త్రం ప్రకారం ఆమెకు ఆపరేషన్ అర్హత ఉంది, పాలసీ ప్రకారం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో బీఎంఐ 25 దాటినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం ఉన్నారు. ఇంతమంది ఉన్న చోట విదేశీ కొలతతో బీమా నిరాకరించడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇది మారాలి.

ఈలోగా ఇంజెక్షన్లు వచ్చాయి. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవి మన మార్కెట్‌లోకి అడుగుపెట్టాయి. ఆపరేషన్ తర్వాత పేగులో పెరిగే జీఎల్‌పీ-1కు ఇవి నకళ్లు. వెగోవిలో ఉండే సెమాగ్లూటైడ్‌తో 68 వారాల్లో సగటున 14.9 శాతం, మౌంజారోలోని టిర్జెపటైడ్ పెద్ద మోతాదుతో 72 వారాల్లో 20.9 శాతం బరువు తగ్గినట్టు ప్రయోగాల్లో తేలింది. అయితే సెమాగ్లూటైడ్ ఆపేసినవాళ్లకు ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగి వచ్చింది. మందు ఆపగానే శరీరం పాత లెక్కకు వెళ్లిపోయింది. స్థూలకాయం బీపీ లాంటి దీర్ఘకాలిక జబ్బే అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. ఆపరేషన్ అయి కొన్నేళ్లకు బరువు పెరగడం మొదలైనవాళ్లకు ఇప్పుడు ఇవే ఇంజెక్షన్లు తోడుగా ఇస్తున్నారు. దాన్ని ఆపరేషన్ విఫలమైనట్టుగా చూడనవసరం లేదు. బీపీకి ఒక మాత్ర చాలకపోతే డాక్టర్ రెండోది కలుపుతాడు, ఇదీ అంతే.

ఆపరేషన్ గురించి ఆలోచిస్తున్నవాళ్లు ఆసుపత్రివాళ్లను ఖర్చుతోపాటు ఇంకో ప్రశ్న అడగండి: మీ దగ్గర చేయించుకున్నవాళ్లలో అయిదేళ్ల తర్వాత కూడా ఎంతమంది పరీక్షలకు వస్తున్నారు, వాళ్ల బరువెంత? జవాబు తడబడితే ఇంకో చోటు చూసుకోండి. ఇప్పటికే చేయించుకుని కొన్నేళ్లుగా డాక్టర్ ముఖం చూడనివాళ్లు మీ ఇంట్లో ఉంటే, ఈ నెలలోనే బి12, హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, విటమిన్ డి, కాల్షియం పరీక్షలు చేయించండి. నాలుగు కిలోలు తిరిగి వచ్చాయన్న సిగ్గుతో వాళ్లు వెనకాడుతుంటే, తోడుగా మీరే వెళ్లండి.